డ్యాష్‌బోర్డులో టకటక: మొత్తం విప్పకుండా పట్టుకునే దారి ఉందా?

పటమట_పెట్రోల్

అందరికీ నమస్కారం. 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మూడు సిలిండర్ల ఇంజను, 61 వేల కి.మీ. తిరిగిన బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు, ముందు గ్లాసుకి దగ్గరగా టకటకమని చప్పుడు వస్తోంది. 20 నుంచి 40 స్పీడులో, గతుకుల మీద మాత్రమే. ప్రకాశం బ్యారేజి మీద వెళ్తుంటే ఒక్కో జాయింటుకి ఒక్కో "టకటక", లెక్కపెట్టుకోవచ్చు. గుంటూరు హైవే మీద 80లో వెళ్తే నిశ్శబ్దం. ఏసీ వేసినా, ఆపినా తేడా లేదు. పొద్దున కంటే మధ్యాహ్నం ఎక్కువ.

ఒక షెడ్డులో చక్రాల దగ్గర సస్పెన్షన్ లింక్ రాడ్లు మార్చారు, తగ్గలేదు. ఇంకో షెడ్డులో డ్యాష్ మొత్తం దించాలి, బండి రెండు రోజులు వదిలి వెళ్లమన్నారు. దించకుండా ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఉంటే చెప్పండి. స్క్రూడ్రైవర్లు, సాకెట్ సెట్ ఉన్నాయి. ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది కూడా కావాలి.

ఆటోనగర్_రెంచి

డ్యాష్ దించడానికి ఒప్పుకోకండి. కంపెనీలో బిగించినప్పుడు క్లిప్పు ఎంత గట్టిగా కూర్చుంటుందో, ఒకసారి పీకి పెట్టాక అంత గట్టిగా కూర్చోదు. ఒక చప్పుడు కోసం విప్పితే మూడు కొత్తవి వస్తాయి. ఇల్లు పీకి పందిరేసినట్టు అవుతుంది.

ముందు చప్పుడు జాతి తెలియాలి. మూడు రకాలు. టకటక, గలగల అంటే రెండు వస్తువులు విడిపోయి మళ్లీ కొట్టుకుంటున్నాయి, అంటే మధ్యలో ఖాళీ ఉంది. కీచుమనేది, కిర్రుమనేది రాపిడి: రెండు ప్లాస్టిక్కులు ఒకదానికొకటి అంటుకుని, జారి, మళ్లీ అంటుకుంటుంటే పుట్టేది. జుయ్‌మని ఒకే స్థాయిలో మోగేది ఇంజను వణుకుకి తాళం వేసేది. మొదటిదానికి ఖాళీ పూడ్చాలి, రెండోదానికి రాపిడి తగ్గించాలి, మూడోదానికి వదులైనదాన్ని కట్టాలి. ఒకదానికి చేసే మందు ఇంకోదానికి పనిచేయదు. కీచుమనేచోట ఫోమ్ కుక్కితే కీచు ఇంకా పెరగొచ్చు కూడా.

మీది మొదటి రకంలా ఉంది. అయినా ఇంజనుని లెక్కలోంచి తీసెయ్యాలి. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో 800 నుంచి 3000 ఆర్‌పీఎం దాకా నెమ్మదిగా పెంచండి. ప్రతి 200కి ఒకసారి నాలుగైదు సెకన్లు ఆగండి. నాలుగు స్ట్రోకుల మూడు సిలిండర్ల ఇంజనులో ఒక తిరుగుడుకి ఒకటిన్నర పేలుడు. 1800 దగ్గర సెకనుకి 45. నాలుగు సిలిండర్లయితే అదే 1800కి 60. మూడు సిలిండర్ల బండి ఆ కింది స్థాయిల్లో ఎక్కువ ఊగుతుంది కాబట్టి డ్యాష్‌లో వదులుగా ఉన్నది ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర పాట అందుకుంటుంది. ఫలానా అంకె దగ్గరే మోగి, దాటాక ఆగితే దోషి ఇంజను వణుకు. అప్పుడు ముందు ఇంజను మౌంటింగులు చూడాలి.

రెండో పరీక్ష రోడ్డు మీద. ఒకే రోడ్డు, ఒకే స్పీడు, ఒకసారి మూడో గేరులో, ఒకసారి నాలుగో గేరులో. ఆర్‌పీఎం మారినా చప్పుడు మారకపోతే అది చక్రాలు, బాడీ నుంచి వస్తున్నట్టు. దీనికి ఇంకో మనిషి కావాలి. నడిపేవాడు రోడ్డు చూడాలి, వినేవాడు వినాలి. రెండూ ఒక్కరే చేస్తే రెండూ చెడతాయి.

వినేవాడు ఎడమ సీట్లో కూర్చుని అరచేత్తో ఒక్కో భాగాన్ని నొక్కి పట్టుకోవాలి: గ్లోవ్ బాక్స్ మూత, ఏసీ వెంటు, డ్యాష్ పైభాగం, గ్లాసు పక్క స్తంభం కవరు. ఏది నొక్కితే ఆగుతుందో అదే అనుకోవద్దు, దాని చుట్టుపక్కల జానెడు దూరంలో ఉంది అనుకోండి. ఇంకో సంగతి, ముందు గ్లాసు అద్దంలా చప్పుడుని తిప్పికొడుతుంది. ఎడమ చివర ఉన్నది మధ్యలోంచి వచ్చినట్టు, బయట ఉన్నది లోపల్నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అందుకే చెవిని నమ్మకుండా గొట్టాన్ని నమ్మాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవల్ పైపు మీటరు ముక్క తీసుకోండి. ఒక కొన చెవి దగ్గర, రెండో కొన సందుల వెంబడి జరుపుతూ వెళ్తే ఒకచోట చప్పుడు ఉన్నట్టుండి పెద్దదవుతుంది. చెవిలో గట్టిగా దూర్చకండి, ఆనించి పెట్టుకుంటే చాలు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద పైపు గానీ చెయ్యి గానీ పెట్టి బండి నడవనివ్వకండి.

పైపు చూపించిన చోట పేపర్ మాస్కింగ్ టేపు, పెయింటర్లు వాడేది, సందుకి అడ్డంగా నాలుగైదు చోట్ల అంటించి అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లండి. ఆగితే దొరికినట్టే. ఆగకపోతే పీకేసి పక్క సందు. ఒక్కో విడతకి ఒక్కో సందే. అన్నీ ఒకేసారి అంటిస్తే ఏది ఆపిందో తెలియదు.

మీకు మూడు ప్రశ్నలు. ముందు గ్లాసు ఎప్పుడైనా మార్చారా? చక్రాల్లో గాలి ఎంత ఉంది? బానెట్ లోపల, ఎడమవైపు వైపరు కింద చెయ్యి పెట్టి కొడితే ఏమైనా కదులుతోందా?

కృష్ణలంక_కీచు

అంతకంటే ముందు చూడాల్సినవి ఇంకా తేలిగ్గా ఉన్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం ఈ విషయంలో మామూలే. డ్యాష్ మీద దుర్గమ్మ విగ్రహం ఉందా? పీఠం కింద రెండు వైపులా అంటుకునే టేపు ఎండకి ఎండిపోయి ఒక మూల లేచి ఉంటుంది, చూస్తే కదలదు, గతుకులో కొడుతుంది. విగ్రహం ముందు చిన్న గంట, కుంకుమ డబ్బా మూత, అద్దానికి వేలాడే దండ, గ్లాసుకి అంటించిన ఫాస్టాగ్ పక్కన పెట్టిన ఫోను స్టాండు, డ్యాష్‌క్యామ్ వైరు: వీటన్నిటినీ ఒక సంచిలో వేసి ఇంట్లో పెట్టి ఒక రౌండు వెళ్లండి. కళ్లజోడు పెట్టుకునే అర కూడా ఖాళీ చెయ్యండి. ఎడమ పక్క సీటు బెల్టు మెటల్ నాలుక తలుపు స్తంభానికి కొట్టుకున్నా శబ్దం ముందునుంచే వచ్చినట్టు ఉంటుంది. సీటు ఖాళీగా ఉన్నప్పుడే చప్పుడు వస్తుంటే ముందు దాన్నే అనుమానించండి.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు చాలా బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండి తర్వాత చేతులు మారి ఉంటే చప్పుడు కథ వేరు. డ్యాష్ లోపల వైర్ల చుట్టూ, ఏసీ డక్టుల జాయింట్ల దగ్గర ఉండే ఫోమ్ బురదనీటిలో నాని, ఎండి, పొడైపోతుంది. మొత్తం డ్యాష్‌లో పది చోట్ల ఒకేసారి ఖాళీలు వస్తాయి. గుర్తు పట్టడానికి గ్లోవ్ బాక్స్ దించి బ్లోయర్ డబ్బా పైన టార్చి వేసి చూడండి, ఒండ్రు గీత సన్నగా కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివరి అడుగులో బురద మరక కూడా చూడండి. ఇవి ఉంటే చప్పుడు సంగతి పక్కన పెట్టి, ముందు ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్ కనెక్టర్లని తెలిసినవాళ్లతో చూపించుకోవాలి.

పటమట_పెట్రోల్

రెండు రోజుల్లో చేసినవి రాస్తున్నా. వరద గుర్తులు ఏమీ లేవు, సీటు బెల్టు చివరిదాకా శుభ్రంగా ఉంది. విగ్రహం, స్టాండు, అన్నీ తీసినా చప్పుడు అలాగే ఉంది. న్యూట్రల్‌లో 3000 దాకా ఏమీ లేదు. మూడో గేరు, నాలుగో గేరు ఒకేలా ఉంది. గాలి చూస్తే పెట్రోల్ బంకులో 40 పీఎస్ఐ కొట్టి ఉంది, తలుపు స్టిక్కరు మీద 32 ఉంది. 32కి దించాక చప్పుడు సగానికి తగ్గింది, పోలేదు.

ముందు గ్లాసు ఎనిమిది నెలల క్రితం మార్చారు. అడిగేదాకా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. వైపరు కింద నల్ల ప్లాస్టిక్కు ఎడమ చివర నొక్కితే రెండు మూడు మి.మీ. కిందికి వెళ్లి పైకి వస్తోంది. కుడి చివర కదలదు.

ఆటోనగర్_రెంచి

దొరికింది. దాన్ని కౌల్ కవరు అంటారు, ఆటోనగర్ కౌంటర్‌లో "కౌల్ ప్యానెల్" అని గానీ "వైపర్ కింద జాలీ" అని గానీ అడిగితే ఇస్తారు. గ్లాసు మార్చేటప్పుడు దాన్ని తీయక తప్పదు. దాని పై అంచు గ్లాసు కింది అంచుకి ఉండే గాడిలో దూరాలి, చివర్లు పుష్ క్లిప్పులతో ఫెండర్‌కి దగ్గర బిగుస్తాయి. ఎండలో గట్టిపడ్డ పాత క్లిప్పు తీసేటప్పుడు కాలు విరుగుతుంది, విరిగిందే మళ్లీ పెట్టేస్తారు. చూడ్డానికి ఉన్నట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. చక్రాల్లో గాలి ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న జాయింటు దెబ్బ కూడా బాడీకి నేరుగా ఎక్కుతుంది కాబట్టి ఎక్కువ వినిపించింది. మధ్యాహ్నం పెరగడానికి కారణం కూడా ఇదే: ప్లాస్టిక్ ఉక్కు కంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 1.3 మీటర్ల పొడవున్న కవరు 35 డిగ్రీల నుంచి 70కి వేడెక్కితే రెండు మూడు మి.మీ. పొడవు పెరుగుతుంది, దాని కింద ఉక్కు అర మి.మీ. పెరిగితే ఎక్కువ. ఆ తేడా వదులుగా ఉన్న చివరన విల్లులా పైకి లేస్తుంది.

పని ఇలా. నీడలో పెట్టి, బానెట్ చల్లారాక మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం టేపు జిగురు సాగిపోయి సరిగ్గా పట్టదు, సాయంత్రం ఐదు దాటాక మంచిది. వైపర్లు పార్కింగులో ఉన్నచోట బ్లేడు గీత వెంబడి గ్లాసు మీద మాస్కింగ్ టేపు అంటించండి, తిరిగి పెట్టడానికి అదే గుర్తు. ఆర్మ్ మొదట్లో ప్లాస్టిక్ మూత లేపితే నట్టు ఉంటుంది, చాలా బండ్లకి 14 సైజు, కొన్నిటికి 13. నట్టుని పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు మిగిల్చి, ఆర్మ్‌ని అటూఇటూ ఆడిస్తే పళ్లల్లోంచి విడివడుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి మీటితే గ్లాసు పగిలిన సందర్భాలు ఎన్నో. ఆర్మ్ లేపినప్పుడు గ్లాసు మీద మందపాటి టవల్ పరచండి, స్ప్రింగు వదిలేస్తే ఇనుప కొన నేరుగా గ్లాసు మీద పడుతుంది.

పుష్ క్లిప్పుకి మధ్య మేకు ఉంటుంది. దాన్ని ముందు పైకి లేపి, తర్వాత మొత్తం క్లిప్పు తీయాలి. కొన్నిట్లో మధ్య మేకు లోపలికి నొక్కాలి. బలవంతం అవసరమైందంటే పద్ధతి తప్పినట్టే. తీసిన క్లిప్పులన్నీ ఇడ్లీ ప్లేటులో ఒక్కో గుంటలో పెట్టుకుంటే ఏది ఎక్కడిదో మారిపోవు. వాషరు నీళ్ల గొట్టం కవరు కింద తగిలించి ఉంటుంది, లాగేసే ముందు దాన్ని విడదీయండి.

కవరు తీశాక కింద చూడండి. చెట్టు కింద పెట్టే బండి అయితే వేపాకు, ఎలుక తెచ్చిన దూది, పీచు ఉంటాయి. అన్నీ తీసేసి, రెండు మూలల్లోని నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో లీటరు నీళ్లు నెమ్మదిగా పోసి చూడండి. మూసుకుపోతే వానాకాలం నీళ్లు బ్లోయర్ మీదుగా ఎడమ కాళ్ల దగ్గరకి వస్తాయి.

ఆటోనగర్‌లో అదే వ్యాసం ఉన్న కొత్త క్లిప్పులు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. రంధ్రం 7 మి.మీ.దైతే 8 క్లిప్పు దూరదు, 6ది నిలవదు. మోడల్ పేరు చెప్పి కొంటే పది రకాలు చూపిస్తారు, పాతది చూపిస్తే ఒకటే ఇస్తారు. విరిగిన వాటితో పాటు ఆ చివర ఉన్నవన్నీ మార్చండి, ఒక్కొక్కటి పెద్ద ధర కాదు.

కవరు అంచు ఇనుముకి తగిలే చోట 3 మి.మీ. మందం మూసిన గదుల ఫోమ్, ఈవీఏ గానీ నైట్రైల్ గానీ, 15 మి.మీ. వెడల్పు ముక్కలు కోసి అంటించండి. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. పార్సిల్లో వచ్చే మెత్తటి స్పాంజి వద్దు, అది నీళ్లు పీల్చి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది, రెండు ఎండాకాలాల్లో పొడి అవుతుంది. గాలి వెళ్లే జాలీ మీద, నీళ్ల రంధ్రాల దగ్గర ఏమీ అంటించకండి. ఇంకా ముఖ్యం, కవరు పై అంచు గ్లాసు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో బొటనవేలితో ఎడమ నుంచి కుడికి నొక్కుకుంటూ వెళ్లండి, ప్రతి జానెడుకీ "టిక్" అనాలి. మీది ఎడమ కొన కూర్చోలేదని నా అంచనా.

అది అయ్యాక బానెట్ రబ్బరు బుడిపెలు కూడా చూసుకోండి. ఒక్కో బుడిపె మీద కాగితం ముక్క పెట్టి బానెట్ వేసి లాగితే కాస్త బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే బుడిపెని సగం చుట్టు పైకి తిప్పండి. ఎక్కువ తిప్పితే బానెట్ లాక్ పడటానికి బలం కావాలి, ఫెండర్‌తో మట్టం కూడా తేడా వస్తుంది.

గవర్నర్‌పేట_గేజ్

కౌల్‌కి ఇంత తిప్పలు ఎందుకండీ, సందుల్లో కాస్త డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుందిగా?

ఆటోనగర్_రెంచి

దెబ్బ చప్పుడుకి ఏ స్ప్రే కూడా మందు కాదండీ, ఖాళీ ఖాళీగానే ఉంటుంది. కీచుమనే చోటికి కూడా అది సరిపడదు. దానిలో ఉండే పెట్రోలియం ద్రావకం తేలికైనది, రెండు వారాల్లో ఆవిరైపోయి మిగిలిన పలుచటి నూనెపొర మీద దుమ్ము చేరుతుంది. ఆ దుమ్ము సానబట్టే పొడిలా పనిచేస్తుంది. పాలీకార్బొనేట్ (పీసీ), ఏబీఎస్ అనే ప్లాస్టిక్ భాగాలు ఒత్తిడిలో ఉన్నప్పుడు ద్రావకాలు తగిలితే సన్న పగుళ్లు కూడా వస్తాయి. ప్లాస్టిక్‌కి సిలికాన్ గ్రీజు, ప్లాస్టిక్‌తో ప్లాస్టిక్ రాసుకునేచోట మెత్తటి బట్టలాంటి ఫ్లీస్ టేపు. ఏది ఏ ప్లాస్టిక్కో తెలియాలంటే భాగం వెనకవైపు చూస్తే అచ్చులో గుర్తు ఉంటుంది: పీపీ, ఏబీఎస్, పీసీ ప్లస్ ఏబీఎస్ ఇలా. పీపీ ప్లస్ ఈపీడీఎమ్ టీ20 అని ఉంటే రబ్బరు, 20 శాతం టాల్క్ కలిపిన పాలీప్రొపిలీన్ అన్నమాట. దానికి మామూలు జిగుర్లు అంటవు, విరిగిన ముక్క అంటించాలని చూసి టైం వృథా చేసుకోకండి.

బ్రాడీపేట_వెంటు

గుంటూరు నుంచి. టాపిక్ దగ్గరగా ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నా బండిలో టకటక కాదు, కీచు. మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన బండి తీసి లక్ష్మీపురం దాటేలోపు డ్యాష్, గ్లాసు కలిసేచోట కిర్రుకిర్రు. ఏసీ చల్లబడ్డాక పావుగంటలో పోతుంది. తర్వాత ఏసీ వెంటు దగ్గర చిన్న టిక్‌టిక్ మొదలవుతుంది. ఫ్యాను రెండులో పెడితే వస్తుంది, నాలుగులో రాదు.

కృష్ణలంక_కీచు

మీవి రెండు వేరువేరు సమస్యలు. మొదటిది డ్యాష్ పైభాగం వేడికి సాగి గ్లాసుకి గానీ గ్లాసు పక్క స్తంభం కవరుకి గానీ ఒరుసుకోవడం. చల్లబడితే కుంచించుకుని తగలదు. దీన్ని తేల్చడానికి మందపాటి పెళ్లి శుభలేఖ చాలు. అట్టని వేలు వెడల్పు ముక్కలుగా కోసి, వేడిగా కిర్రుమంటున్నప్పుడే డ్యాష్ అంచుకీ గ్లాసుకీ మధ్య ఒక చివరి నుంచి జానెడుకి ఒకటి దూర్చుకుంటూ వెళ్లండి. ఏది దూర్చగానే ఆగిందో గుర్తు పెట్టుకోండి. కాగితం శాశ్వతంగా వదలకండి, వాన తేమకి ఉబ్బి మళ్లీ చప్పుడు చేస్తుంది, పైగా అది గ్లాసులోంచి అందరికీ కనిపిస్తుంది. దొరికినచోట 3 లేదా 4 మి.మీ. సిలికాన్ రబ్బరు దారం, ప్లాస్టిక్ గరిటెలాంటి దానితో లోపలికి నొక్కాలి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, గ్లాసు అంచు మీద గీత పడితే అక్కడి నుంచే పగులు నడుస్తుంది. డీఫాగర్ గాలి వచ్చే సందు మూయకండి, వానలో గ్లాసు మసకేస్తే అవసరమయ్యేది అదే.

స్తంభం కవరు దగ్గర కీచుమంటే ఒక జాగ్రత్త. కవరు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. దాని క్లిప్పు ఒకసారి పీకితే మళ్లీ వాడకూడదు, బ్యాగ్ విచ్చుకున్నప్పుడు కవరు ఎగిరి రాకుండా పట్టే తాడు అందులోనే ఉంటుంది. దాన్ని వదిలెయ్యండి, షెడ్డులోనే కొత్త క్లిప్పులతో చేయించండి.

రెండోది బ్లోయర్. రెండులో వచ్చి నాలుగులో రాకపోతే ఎక్కువగా ఆకు ముక్క, కాగితం ముక్క ఫ్యాను రెక్కలకి తగులుతోంది. వేగం పెరిగితే బయటికి ఒత్తుకుని గోడకి అంటుకుపోతుంది కాబట్టి చప్పుడు ఆగుతుంది. గ్లోవ్ బాక్స్ తెరిచి, రెండు పక్కల గోడల్ని లోపలికి నొక్కితే ఆపుడు చెవులు విడివడి మూత కిందికి వాలుతుంది. ఒక పక్క తాడో, చిన్న డ్యాంపరో ఉంటే ముందు దాన్ని విప్పండి. వెనక క్యాబిన్ ఫిల్టరు మూత కనిపిస్తుంది. ఆ మూత ఒక చెవి సరిగ్గా పడకపోయినా అచ్చం ఇలాగే టిక్‌టిక్ వస్తుంది, ముందు అదే చూడండి. ఫిల్టరు తీసి, టార్చి వేసి, ఫ్యానుని వేలితో తిప్పి ఆకు తీసేయండి. తాళం తీసి ఉంచండి, ఫ్యాను ఉన్నట్టుండి తిరగకూడదు. బ్లోయర్ పక్కన రెసిస్టరు ఉంటుంది, అది బాగా వేడెక్కేది, దాని చుట్టూ ఫోమ్ గానీ టేపు గానీ పెట్టకూడదు.

ఆటోనగర్_రెంచి

వెంటు రెక్కలే వదులుగా ఉండి కొట్టుకుంటే ఇంకో చిన్న మందు ఉంది. రెక్కల ఇరుసులు దూరే బొడిపెల దగ్గర పంటి పుల్లతో ఆవగింజంత సిలికాన్ గ్రీజు. అంతకంటే ఎక్కువ పెడితే ఏసీ గాలితో పాటు తుంపర వస్తుంది.

ఫ్లీస్ టేపు గురించి అడిగేవాళ్లు ఉంటారు. కారు వైరింగ్‌కి వాడే తెసా 51608 లాంటిది, 19 మి.మీ. వెడల్పు రోలు తీసుకుంటే చాలా పనులకి సరిపోతుంది. నల్లటి పీవీసీ ఇన్సులేషన్ టేపు డ్యాష్ లోపల వద్దు, మన ఎండకి జిగురు కరిగి వైర్ల మీద జారిపోతుంది. హాట్ గ్లూ గన్ కూడా వద్దు, ఎండలో పెట్టిన బండి డ్యాష్ పైభాగం 70 దాటుతుంది, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది.

బయట కొన్న ఆండ్రాయిడ్ మ్యూజిక్ సెట్ బిగించుకున్న బండ్లలో చప్పుడు సగం దాని వెనకే. ముందు ఫ్రేము స్క్రూలు నాలుగు ఉంటాయి, వెనక ఆధారం పెట్టే పిన్ను మాత్రం చాలామంది వదిలేస్తారు. బరువైన సెట్టు ముందు నాలుగు స్క్రూల మీద వేలాడుతుంది. వెనక గుత్తిగా కుక్కిన వైర్లు, కనెక్టర్లు ఇనుప బీమ్‌కి కొట్టుకుంటాయి. కనెక్టర్లని ఒక్కొక్కటిగా ఫ్లీస్ టేపుతో రెండు చుట్లు చుట్టి, గుత్తిని బీమ్‌కి కేబుల్ టైతో కట్టండి. స్టీరింగు పైకీ కిందకీ దిగే బండి అయితే వైరు వదులు వదలాలి. పెడళ్ల వైపు ఏ వైరూ, ఏ ఫోమ్ ముక్కా వేలాడకూడదు.

పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, చెయ్యి పెట్టకండి. వాటి దగ్గరలో పని తప్పనిసరైతే బ్యాటరీ నెగెటివ్ తీసి పది నిమిషాలు ఆగాలి. పసుపు కనెక్టర్ విడదీసి ఉండగా ఇగ్నిషన్ తిప్పితే హెచ్చరిక లైటు వెలిగి స్కానర్ పెడితే తప్ప పోదు. ఇంకా, స్క్రూలు తిరిగి పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. పాత గాడిలో పడినప్పుడు చిన్న "టక్" తెలుస్తుంది, అప్పుడు ముందుకి బిగించండి. నేరుగా ముందుకి తిప్పితే ప్లాస్టిక్‌లో కొత్త గాడి తెగుతుంది, రెండు మూడుసార్లకి స్క్రూ పట్టు పోతుంది. అలా పోయిన రంధ్రంలో కేబుల్ టై కోసిన సన్న చీలిక దూర్చి స్క్రూ బిగిస్తే నిలబడుతుంది.

పటమట_పెట్రోల్

కౌల్ విప్పాను. ఎడమ చివర మూడు క్లిప్పుల్లో రెండింటికి కాళ్లు లేవు, పై అంచు దాదాపు అడుగు పొడవున గాడిలోంచి బయటే ఉంది. కొత్త క్లిప్పులు నాలుగు, ఫోమ్ రెండు ముక్కలు. బ్యారేజి మీద రెండు సార్లు అటూఇటూ వెళ్లాను, లెక్కపెట్టడానికి ఇక ఏమీ లేదు. ఒకటే సందేహం: కవరు ఎడమ చివర, ఫెండర్‌కి మధ్య ఇంకా ఒక వేలు సందు ఉంది. దాన్ని కూడా ఫోమ్‌తో పూడ్చేయనా?

ఆటోనగర్_రెంచి

వద్దు. అది నీళ్లు దిగే దారి. కుడి వైపు కూడా అంతే సందు ఉందేమో చూడండి, ఉంటే అది కంపెనీదే. పూడిస్తే కౌల్‌లో నీళ్లు నిలబడి వైపర్ మోటారు దగ్గర తుప్పు పడుతుంది.

వైపర్ ఆర్మ్ నట్లు మరీ బిగించకండి, పళ్లు తినేస్తాయి. ముందు గ్లాసు తడిపి, వైపర్లని ఒకసారి నెమ్మది స్పీడులో, ఒకసారి ఎక్కువ స్పీడులో తిప్పి చూడండి. కింద కొత్తగా పెట్టిన ఫోమ్‌కి గానీ కవరు అంచుకి గానీ బ్లేడు తగిలితే ఆర్మ్ ఒక పన్ను పైకి జరపాలి.